బెంచీ మీద కూర్చున్న నాన్న

మా పెద్దమ్మ కూతురు డాలస్‌లో ఉంటుంది. ప్రతి ఆదివారం మా హాస్టల్లో రాత్రి భోజనాలయ్యే వేళకి ఫోన్ చేస్తుంది, వాళ్ళకి అప్పుడే తెల్లారి ఉంటుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అక్కా బావా ఏటా ఫ్లోరిడాలోని ఒక పెద్ద థీమ్ పార్కుకి వెళ్తారు. ఏ రైడ్‌కి ఏ టైమ్‌లో లైన్ తక్కువుంటుందో అక్కకి నోటికొచ్చు. ఇంట్లో కప్పులు, టోపీలు, దుప్పట్లు అన్నీ అక్కడివే. అలాంటి అక్క మొన్న ఫోన్‌లో, ఈ ఏడు వెళ్ళకపోవచ్చని చెప్పింది. బావ ఎక్సెల్‌లో లెక్కేశాడట. టికెట్లు, హోటల్, పార్కింగ్, తిండి, ఆ పైన లైన్ తప్పించుకోడానికి ఇచ్చే డబ్బు అన్నీ కలిపితే, ఆ ఖర్చుతో ఇద్దరు పిల్లల్నీ తీసుకుని ఇండియా వచ్చి వెళ్ళొచ్చట. చిన్నది వెనకాల ఏడుస్తోంది. అక్క గొంతు కూడా ఏమంత బాగాలేదు.

నాకో పిచ్చి అలవాటుంది. ఏదైనా ధర పెరిగిందంటే, అసలు మొదటిరోజు దాన్ని ఎంతకి అమ్మారో వెతుకుతాను. అలా వెతుకుతూ 1955లో కాలిఫోర్నియాలో తెరిచిన డిస్నీలాండ్ దగ్గర ఆగాను. ఇవాళ మనం థీమ్ పార్కు అంటున్న దానికి రూపం వచ్చింది అక్కడే. పెద్దవాళ్ళకి గేటు రుసుము 1 డాలర్. అక్కణ్ణుంచి దాన్ని కట్టినాయన జీవితంలో పడి, రెండు రాత్రులు ఇంటర్నల్స్‌కి చదవాల్సింది చదవలేదు. ఆ పాపఫలమే ఈ వ్యాసం.

వాల్ట్ డిస్నీ 1901 డిసెంబర్ 5న చికాగోలో పుట్టాడు. తండ్రి ఎలియాస్ వడ్రంగి పని తెలిసినవాడు. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శన కట్టడాల్లో కూలిగా పనిచేశాడు. అంటే, లక్షలమంది టికెట్ కొనుక్కుని వచ్చి నోరు తెరుచుకుని చూసిన ఒక తాత్కాలిక నగరాన్ని కట్టిన చేతుల్లో ఆయనవీ ఉన్నాయి. కొడుకుకి ఆ కథలు చెప్పాడో లేదో గానీ, పని మాత్రం బాగా నేర్పాడు. మిస్సోరి రాష్ట్రంలో మార్సిలీన్ అనే చిన్న ఊళ్ళో కొన్నాళ్ళు వ్యవసాయం చేసి, అది కలిసిరాక 1911లో కాన్సస్ సిటీకి మారారు. అక్కడ తండ్రి పేపర్ వేసే లైన్ ఒకటి కొన్నాడు. వాల్ట్, అన్న రాయ్ చీకటితోనే లేచి, మంచులో ఇల్లిల్లూ తిరిగి పేపర్లు వేయాలి. జీతం లేదు. తండ్రి లెక్కలో తిండీ బట్టా పెట్టడమే జీతం. క్లాసులో నిద్రపోయేవాడట పాపం. ఎనిమిదింటి క్లాసులో మన గతి గుర్తొచ్చింది, కాకపోతే మనం పేపర్ వేసి నిద్రపోవడం లేదు.

ఆ ఊళ్ళో ఎలక్ట్రిక్ పార్క్ అని ఒక వినోదశాల ఉండేది. పేరుకి తగ్గట్టే రాత్రయితే వేల బల్బులు వెలిగేవి. చేతిలో పైసా ఆడని ఇంట్లో పెరుగుతున్న పిల్లాడికి ఆ వెలుగు ఎలా కనిపించి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు. నాంపల్లి ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ కింద నిలబడి, నాన్న జేబు వంక చూసిన వాళ్ళకి మరీ బాగా తెలుస్తుంది.

తర్వాతి ముప్పై ఏళ్ళ కథ మీకు ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి పరుగున చెప్పేస్తాను. పదహారేళ్ళప్పుడు వయసు ఎక్కువేసి చెప్పి రెడ్ క్రాస్‌లో చేరి, యుద్ధం ముగిశాక ఫ్రాన్స్‌లో అంబులెన్స్ నడిపాడు. తిరిగొచ్చి కాన్సస్ సిటీలో పెట్టిన బొమ్మల స్టూడియో 1923లో దివాలా తీసింది. ఆ ఏడాదే హాలీవుడ్ వెళ్ళి అన్నతో కలిసి కొత్తది మొదలుపెట్టాడు. 1928లో తను తయారుచేయించిన ఆస్వాల్డ్ అనే కుందేలు బొమ్మ హక్కులు తనవి కావని తెలిసింది. సొంత మనుషుల్లో చాలామంది అవతలి వైపు వెళ్ళిపోయారు. మిగిలిన స్నేహితుడు అబ్ ఐవర్క్స్‌తో కలిసి మిక్కీ మౌస్‌ని పుట్టించాడు. 1937లో స్నో వైట్ తీశాడు. అప్పట్లో సినిమా వాళ్ళంతా దాన్ని వెర్రి పని అనుకున్నారు, అది వాళ్ళ అంచనాలన్నీ తిరగరాసింది. 1941లో స్టూడియో ఆర్టిస్టులు సమ్మె చేస్తే దాన్ని సొంత ఇంట్లో ద్రోహంలా తీసుకున్నాడు. 1947లో వాషింగ్టన్ వెళ్ళి ఆ సమ్మె వెనక కమ్యూనిస్టులున్నారని సాక్ష్యం చెప్పొచ్చాడు. ఇది నాకు నచ్చలేదు. నచ్చనిది దాటేసి జీవితచరిత్ర రాయకూడదు కాబట్టి రాస్తున్నాను.

నాకు అసలు మనిషి కనిపించింది ఒక బెంచీ మీద. ఆయనకి ఇద్దరు కూతుళ్ళు, డయాన్, షారన్. వారాంతాల్లో వాళ్ళని లాస్ ఏంజెలిస్‌లోని గ్రిఫిత్ పార్కుకి తీసుకెళ్ళేవాడు. పిల్లలు రంగులరాట్నం ఎక్కి గుండ్రంగా తిరుగుతుంటే, తను పక్కనున్న బెంచీ మీద కూర్చుని పల్లీలు తినేవాడు. అంతే, ఇంకేం పని లేదు. పిల్లల్ని ఎక్కించడం, ఎదురుచూడటం, దించుకోవడం. పెద్దవాళ్ళూ పిల్లలూ కలిసి ఆడుకునే చోటు ఒకటి ఎందుకు లేదు అన్న ఆలోచన ఆ బెంచీ మీదే వచ్చిందని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. మా నాన్న ఎగ్జిబిషన్‌లో మా చెప్పులూ సంచులూ పట్టుకుని నిలబడిన గంటలు నాకు లెక్కలేదు. ఆయనకి కూడా విసుగొచ్చి ఉండొచ్చన్న సంగతి ఇది చదివేదాకా నాకు తట్టలేదు.

ఆయనకి రైళ్ళ పిచ్చి కూడా ఉండేది. 1950కల్లా ఇంటి పెరట్లో మనిషి ఎక్కి కూర్చునే చిన్న ఆవిరి రైలు వేశాడు. భార్య లిలియన్ పూలమొక్కలు పాడవకూడదని వాటి కింద నుంచి సొరంగం తవ్వించాడు. 1951లో కోపెన్‌హాగెన్ వెళ్ళి టివోలీ గార్డెన్స్ చూశాడు. ఆ శుభ్రం, దీపాలు, కుటుంబాలతో వచ్చిన జనం ఆయన్ని పట్టేశాయి. అప్పటి అమెరికా వినోద పార్కుల్లో అవే లేవు. మురికిగా ఉండే అలాంటిది కట్టడం ఎందుకని లిలియన్ అడిగిందట. తనది అలా ఉండదు కాబట్టే కడుతున్నానన్నది ఆయన వాదన.

డబ్బు దగ్గర కథ మొదలవుతుంది. లెక్కలు చూసుకునే అన్న రాయ్‌కి ఈ ఆలోచన నచ్చలేదు, ప్లానింగ్‌కి ఇచ్చింది 10,000 డాలర్లు. వాల్ట్ తన జీవిత బీమా మీద అప్పు తెచ్చాడు. పామ్ స్ప్రింగ్స్‌లో ఉన్న సెలవుల ఇల్లు అమ్మేశాడు. 1953లో అనుభవమున్న పార్కు యజమానులకి ఆయన మనుషులు ప్లాన్లు చూపిస్తే, వాళ్ళు ఇది మునిగిపోతుందని తేల్చేశారు. ఒకే గేటు పెడితే ఎలా, పైసా రాని కోట ఎందుకు, ఏడాదంతా తెరిచి ఉంచితే ఖర్చులెలా అని. నిజానికి వాళ్ళ ప్రశ్నలు తప్పేమీ కాదు. మన ప్రాజెక్ట్ రివ్యూలో గైడ్ సార్ కూడా అవే అడుగుతారు. చివరికి ఏబీసీ టీవీ సంస్థ 5 లక్షల డాలర్ల పెట్టుబడి పెట్టి, 45 లక్షల దాకా అప్పులకి హామీ ఇచ్చి, పార్కులో మూడో వంతుకు పైగా వాటా తీసుకుంది. బదులుగా వాల్ట్ వాళ్ళకి వారం వారం టీవీ షో చేయాలి. 1954 అక్టోబర్‌లో ఆ షో మొదలైంది, పేరు డిస్నీలాండ్. ఇంకా కట్టని పార్కు పేరు ప్రతి ఇంట్లోకీ వెళ్ళిపోయింది. చిన్నపిల్లల్ని కూర్చోబెట్టి అమ్మడం అనేది ఇవాళ కొత్తగా పుట్టలేదు, ఆయనే నేర్పాడు.

అనహైమ్‌లో 160 ఎకరాల నారింజ తోటలు కొని, ఏడాదిలో, సుమారు 1.7 కోట్ల డాలర్లతో కట్టేశారు. 1955 జూలై 17న తెరిచిన రోజు ఘోరం. దొంగ టికెట్లు పుట్టుకొచ్చి 28,000 మంది దాకా వచ్చిపడ్డారు. ఎండ మండిపోతోంది. కొత్తగా వేసిన తారు మెత్తబడి ఆడవాళ్ళ హైహీల్స్ దిగబడ్డాయి. ప్లంబర్ల సమ్మె వల్ల టాయిలెట్లా, తాగునీటి కుళాయిలా అని ఎంచుకోవాల్సి వచ్చి టాయిలెట్లే పూర్తిచేశారు. గ్యాస్ లీకై ఒక భాగం కాసేపు మూసేశారు. పేపర్లు తిట్టాయి. అయినా ఏడు వారాల్లో పది లక్షలమంది వచ్చారు.

ఇప్పుడు నా లెక్క. గేటు 1 డాలరే గానీ, లోపల ప్రతి రైడ్‌కీ విడిగా డబ్బులు. ఆ అక్టోబర్‌లో టికెట్ల పుస్తకం తెచ్చారు, పెద్దవాళ్ళకి 2.50 డాలర్లు, ఎనిమిది రైడ్లు. అప్పట్లో అమెరికా కేంద్ర కనీస వేతనం గంటకి 75 సెంట్లు. అంటే ఆ పుస్తకం కోసం కూలివాడు మూడు గంటల ఇరవై నిమిషాలు పనిచేయాలి. 2024 అక్టోబర్‌లో అదే డిస్నీలాండ్‌లో ఒకరోజు టికెట్ రద్దీ లేని రోజు 104 డాలర్లు, అన్నిటికన్నా రద్దీ రోజు 206. కేంద్ర కనీస వేతనం 7.25. అంటే పద్నాలుగు గంటల నుంచి ఇరవై ఎనిమిది గంటల పని. అప్పట్లో కాలిఫోర్నియాలో కనీస వేతనం 16 డాలర్లు కాబట్టి, అక్కడివాళ్ళకి ఆరున్నర నుంచి పదమూడు గంటలు. ధరల పెరుగుదల మాత్రమే చూస్తే ఆనాటి 2.50 అంటే 2024లో 29 డాలర్లకి అటూ ఇటూ. ఎనిమిది రైడ్లకీ ఇవాళ్టి అపరిమిత రైడ్లకీ పోలిక కుదరదనే వాళ్ళున్నారు, ఒప్పుకుంటాను. కానీ మూడు గంటల లైన్‌లో నిలబడితే అపరిమితం అన్న మాటకి అర్థమేముంది?

లైన్ సంగతి నాకు ధర కంటే ఎక్కువ గుచ్చుకుంది. పార్కులో మెయిన్ స్ట్రీట్ ఫైర్‌హౌస్ పైన వాల్ట్‌కి చిన్న గది ఉండేది. అక్కడే పడుకుని, పొద్దున్నే దిగి పార్కంతా తిరిగేవాడు. జనంతో పాటు లైన్లో నిలబడి వాళ్ళు ఏం గొణుక్కుంటున్నారో వినేవాడు. 1961 నవంబర్‌లో నెహ్రూ గారొస్తే తనే దగ్గరుండి తిప్పి చూపించాడు, అది వేరే సంగతి. పెద్దవాళ్ళ కోసం క్లబ్ 33 అనే ప్రత్యేక భోజనశాల కూడా ఆయన ఆలోచనే, ఆయన పోయాక 1967లో తెరిచారు. కాబట్టి ఆయన హయాంలో అందరూ సమానమే అని నేను అనను. కానీ రైడ్ ముందు మామూలు జనానికి లైన్ ఒకటే. 1999లో ఫాస్ట్‌పాస్ వచ్చినప్పుడు కూడా అది ఉచితం. 2021 నుంచి ముందుకెళ్ళే దారికి ధర పెట్టారు. అప్పటిదాకా ధర రైడ్‌కి ఉండేది, ఇప్పుడు పక్కవాడికంటే ముందు ఎక్కడానికి కూడా ఉంది. బావ ఎక్సెల్‌లో అక్క కళ్ళు ఆగిపోయింది ఇలాంటి వరస దగ్గరేనట. పిల్లల్ని ఎండలో నిలబెట్టి, పక్కనుంచి వేరే పిల్లలు నడిచి వెళ్ళిపోతుంటే చూపించలేనంది.

వాల్ట్ బతికుంటే ధరలు పెంచేవాడు కాదని అభిమానులు అంటుంటారు. నాకు నమ్మకం లేదు. ఆయనకి డబ్బు ఎప్పుడూ సరిపోలేదు, చేతికొచ్చిందంతా ఇంకో రైడ్‌లో పోసేవాడు. పార్కు చుట్టూ మోటెళ్ళు కట్టుకుని వేరేవాళ్ళు సంపాదించేస్తుంటే ఓర్చుకోలేక, ఫ్లోరిడాలో వేరే వేరే పేర్ల మీద గుట్టుగా 27,000 ఎకరాలు కొనిపించాడు. 1965 నవంబర్‌లో ఆ సంగతి బయటపెట్టాడు. ఏడాది తిరగ్గానే, 1966 డిసెంబర్ 15న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. అరవై అయిదేళ్ళు. రిటైరవుదామనుకున్న రాయ్ ఆగి, దాన్ని పూర్తిచేసి, 1971 అక్టోబర్ 1న తెరిచి, తమ్ముడి పూర్తి పేరే దానికి పెట్టాడు. ఆ డిసెంబర్‌లోనే ఆయనా పోయాడు. చిన్నప్పుడు మంచులో పేపర్లు వేసిన ఇద్దరిలో లెక్కలు చూసేవాడు, మొదట వద్దన్నవాడు, చివరికి తన ముసలితనాన్ని అందులో పోశాడు. నాకు ఈ కథలో అందరికంటే రాయ్ ఇష్టం.

గ్రిఫిత్ పార్కు బెంచీల్లో ఒకదాన్ని డిస్నీలాండ్‌లో మెయిన్ స్ట్రీట్ ఆపెరా హౌస్‌లో పెట్టారు. గేటు లోపల, అంటే టికెట్ కొన్నవాళ్ళకే.

ఇదంతా నిన్న ఫోన్లో అక్కకి చెప్పాను. బెంచీ దగ్గరికొచ్చేసరికి బావ కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇంకా ఏం తేల్చుకోలేదు. ఈ శనివారం మాత్రం వాళ్ళ ఊళ్ళో పిల్లలు తిరిగే చిన్న రైలున్న ఒక పార్కుకి వెళ్తున్నారు. పెద్దవాళ్ళని కూడా ఎక్కనిస్తారో లేదో ముందు కనుక్కోమని బావకి చెప్పాను.