ఆకలిని గెలిచిన మనిషి

ఆకలి ప్రాణికోటి కంతటికీ సమానమే. ఆకలిగొన్న పశువు మేత ముందుంటే వద్దనుకోలేదు. వద్దనుకొనగల శక్తి మానవునికే దక్కింది. మన నెల్లూరు సీమలో ఆ శక్తికి నిదర్శనంగా నిలిచిన మహనీయుడు అమరజీవి పొట్టి శ్రీరాములుగారు.

వారు 1901 మార్చి 16న మద్రాసులో జన్మించారు. పూర్వీకులది నాటి నెల్లూరు జిల్లాలోని పడమటిపల్లె. బొంబాయిలో సానిటరీ ఇంజనీరింగు చదివి రైల్వేలో ఉద్యోగం చేశారు. భార్యను, పసిబిడ్డను పోగొట్టుకొన్న పిమ్మట వారి మనస్సు సంసారం నుండి మరలింది. ఉద్యోగం విడిచి సబర్మతి ఆశ్రమం చేరారు. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని కారాగారానికి వెళ్లారు. దుఃఖం మనిషిని తనలోనికి ముడుచుకొనేట్లు చేయడం సహజం. వారిని మాత్రం అది లోకానికి చేరువ చేసింది.

1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయంలో హరిజనులకు ప్రవేశం కల్పించవలెనని నిరాహారదీక్ష పూనారు. ఆలయద్వారాలు తెరచుకొన్నవి. చెప్పులు, గొడుగు లేకుండా, మెడలో నినాదాల అట్టలు వ్రేలాడదీసికొని ఎండలో నెల్లూరు వీధులు తిరిగేవారు. పిచ్చివాడని నవ్వినవారూ లేకపోలేదు. పదుగురు నవ్వుతారనే భయం కూడ ఆకలివలె మనిషిని లొంగదీసేదే. వారు దానినీ లెక్కచేయలేదు.

1952 అక్టోబరు 19న మద్రాసులో, బులుసు సాంబమూర్తిగారి ఇంట, ఆంధ్రరాష్ట్ర సాధనకై ఆమరణ దీక్ష ప్రారంభించారు. రోజా పాటించే మాబోంట్లకు మగ్రిబ్ వేళకు ఇఫ్తార్ కలదన్న నిబ్బరం ఉంటుంది. వారి దీక్షకు అట్టి సాయంకాలం లేదు. 58 దినాలు కృశించి, డిసెంబరు 15 రాత్రి అసువులు బాశారు.

ఆ వార్తతో ఆంధ్రదేశం అట్టుడికింది. రైళ్లు నిలిచిపోయినవి, ప్రభుత్వ ఆస్తులు ధ్వంసమైనవి, పోలీసు కాల్పులలో పలువురు మరణించారు. డిసెంబరు 19న ప్రధాని నెహ్రూ రాష్ట్ర నిర్మాణాన్ని ప్రకటించారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించింది. 2008లో మన జిల్లాకే వారి పేరు పెట్టారు.

ఒక్కడు 58 దినాలు ఆకలిని అదుపులో ఉంచుకొన్నాడు. ఆయనను ప్రేమించిన జనం ఒక్క దినం కోపాన్ని అదుపులో ఉంచుకోలేకపోయింది. కడుపు మాడ్చుకొన్నంత మాత్రాన రోజా పూర్తికాదనీ, నాలుకకు, చేతికి కూడ కట్టడి ఉండవలెననీ మా పెద్దలు చెబుతారు. అమరజీవి పేరు జిల్లాకు పెట్టుకొన్నాము. ఆ నిగ్రహాన్ని మన నడవడిలో నిలుపుకొన్ననాడే, విద్యార్థులారా, ఆ పేరుకు మనం తగినవారమవుతాము.