భాస్వరం కొలిచిన భీమవరం అబ్బాయి



క్యాన్సర్ వచ్చిన బంధువుకి తోడుగా మీలో కొందరు చోడవరం నుంచి విశాఖ వెళ్లే ఉంటారు, అగనంపూడిలోని హోమీ భాభా ఆసుపత్రికో, మరోచోటికో. కరెంటు పెట్టే ముందు, అంటే రేడియేషన్ మొదలుపెట్టే ముందు, డాక్టర్లు సీటీ స్కాన్‌తో పాటు చాలాసార్లు ఎంఆర్ఐ కూడా తీయిస్తారు. రెండూ ఎందుకని మీకు అనుమానం రావచ్చు. ఒంట్లో ఏ భాగం ఎంత రేడియేషన్ పీల్చుకుంటుందో లెక్క కట్టడానికి సీటీ కావాలి. మెదడు, గర్భాశయ ముఖద్వారం వంటి మెత్తని చోట్ల గడ్డ అంచు ఎక్కడుందో ఎంఆర్ఐ బాగా చూపిస్తుంది. రెండు ఫొటోలనూ ఒకదానిపై ఒకటి ఉంచి, గడ్డ చుట్టూ గీత గీసి, డోసు ప్లాన్ చేస్తారు.

ఎంఆర్ఐలో రేడియేషన్ ఉండదు. పెద్ద అయస్కాంతం, రేడియో తరంగాలు ఉంటాయి. ఒంట్లోని హైడ్రోజన్ వాటికి స్పందిస్తుంది. భాస్వరం కూడా స్పందిస్తుంది. కండరంలో భాస్వరం సంకేతాలను పరిశోధకులు గ్రాఫుగా తీస్తే, అందులో ఎత్తుగా కనిపించేది ఫాస్ఫోక్రియాటిన్. కండరానికి తక్షణం శక్తినిచ్చే పదార్థం అది. దాన్ని కనిపెట్టినవారిలో ఒకరు మన యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. ఇంట్లో డబ్బుకి ఇబ్బంది. చదువు మీద మనసు లేక, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకుందామని చిన్నప్పుడే ఇల్లు వదిలారు. తల్లి వెంకమ్మ గారు మాత్రం చదివించాల్సిందేనని పట్టుబట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు ప్రొఫెసర్‌కి కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ మాత్రమే చేతికొచ్చింది. ఈలోగా ఇంట్లో అన్నదమ్ములు స్ప్రూ అనే పేగు జబ్బుతో చనిపోయారు.

1923లో మామగారి సాయంతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సాయంతో అమెరికా వెళ్లారు. బోస్టన్‌లో ఖర్చుల కోసం ఆసుపత్రిలో రాత్రి పూట చిన్న పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రకటించారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి పేరుతో బయోకెమిస్ట్రీ విద్యార్థులు దాన్ని ఇప్పటికీ నేర్చుకుంటున్నారు. ఆ కొలతల దారిలోనే 1927లో ఫాస్ఫోక్రియాటిన్, తర్వాత ఏటీపీ బయటపడ్డాయి. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు.

1940లో లెడర్లే కంపెనీలో చేరారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది. స్ప్రూ వల్ల వచ్చే రక్తహీనతకి అదే మందు అయింది. ఫోలిక్ యాసిడ్‌ని అడ్డుకునే మందులనూ ఆ బృందమే తయారుచేసింది. వాటిలో ఒకదాన్ని బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు ఇస్తే, కొందరిలో కొంతకాలం జబ్బు తగ్గింది. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్‌ని నేటికీ వాడుతున్నారు. మన కోస్తాలో బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర కూడా ఆయన ల్యాబ్‌లో పుట్టిందే.

1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, ఆయన నిద్రలో కన్నుమూశారు. ఇండియాలో ఎదురుచూస్తున్న భార్య శేషగిరి గారిని మళ్లీ కలవనే లేదు. ఎంఆర్ఐ తొలి చిత్రం ప్రచురితమైంది 1973లో. తాను కొలిచిన భాస్వరం సూది గుచ్చకుండానే కనిపించే రోజు ఆయన చూడలేదు.

ఈ నెల ప్రోగ్రెస్ కార్డు మీ చేతికి వస్తుంది. మార్కులు తగ్గితే తప్పకుండా అడగండి, మేమూ అడుగుతాం. కానీ అడిగాక పిల్లల్ని వదిలేయకండి. రెండుసార్లు తప్పిన ఆ అబ్బాయికి మూడోసారి పరీక్ష రాసే అవకాశం ఇంట్లోవాళ్లు ఇచ్చారు.