నిర్మల జలప్రదాత

కడప జిల్లా కమలాపురం చేరువన పాపఘ్ని పెన్నానదిలో సంగమిస్తుంది. వేసవిలో ఏరు ఎండినప్పుడు ఇసుకలో చెలమ తీసి, ఊరిన తేటనీటిని కడవలకెత్తుకోవడం రాయలసీమ వాసులకు తరతరాల అలవాటు. ఇసుక పొరల గుండా దిగేటప్పుడు నీటిలోని మట్టి అక్కడే నిలిచిపోతుంది. సామాన్యులెరిగిన ఈ ప్రకృతి ధర్మాన్ని ఒక పట్టణమంతటికీ ఉపకరించేలా వినియోగించిన మేధావి మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

ఆయన పూర్వీకులు గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామవాసులు. ఒకప్పుడు ఆ ప్రాంతం కర్నూలు జిల్లాలో ఉండేది. వారు మైసూరు సంస్థానానికి వలస వెళ్లగా, విశ్వేశ్వరయ్య ముద్దెనహళ్లిలో శ్రీనివాసశాస్త్రి, వెంకటలక్ష్మమ్మ దంపతులకు జన్మించాడు. చిన్నవయసులోనే తండ్రిని కోల్పోయినా, పిల్లలకు పాఠాలు చెబుతూ బెంగుళూరులో పట్టభద్రుడయ్యాడు. 1883లో పూనాలో ఇంజనీరింగు పరీక్షలో ప్రథముడిగా నిలిచి, మరుసటి సంవత్సరం బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో చేరాడు.

1893లో ఆయన సింధు ప్రాంతంలోని సుక్కూరు పట్టణానికి నియుక్తుడయ్యాడు. నేడు అది పాకిస్తాన్‌లో ఉంది. ఊరి పక్కనే మహానది ప్రవహిస్తున్నా ఆ నీరు బురదమయం. వడపోత తొట్లు నిర్మించడానికి పురపాలక సంఘం వద్ద తగినంత ధనం లేదు. ధనం లేదని ప్రజలను మురికినీటికి వదిలివేయడం ఆయనకు సమ్మతం కాలేదు. ఒడ్డుకు చేరువగా నదీగర్భంలోనే వర్తులాకారపు బావి తవ్వించాడు. ఇసుకలోంచి తేటనీరు ఊరింది. అది చాలకపోగా, బావి అడుగునుండి నది కిందుగా సొరంగం తొలిపించి ఊటను పెంచాడు. ఆ నీటిని యంత్రాలతో గుట్టపైకి తోడి పట్టణానికి పంపారు. 1895 నాటికి ఆ పని పూర్తయింది.

ఇసుక మట్టిని ఆపగలదు గాని సూక్ష్మజీవులన్నింటినీ ఆపలేదు. వాటిని నశింపజేసే క్లోరిన్ ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో నిత్యవినియోగంలోకి వచ్చింది. ఎండ తగిలే నీటిలో నాచు పెరుగుతుంది; వేసిన క్లోరిన్‌లో కొంత ఆ నాచుకే ఖర్చవుతుంది. అందువల్ల ఎంత వేశామన్నది కాక, ఎంత మిగిలిందన్నది పరీక్షించాలి. కుళాయి వద్ద లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని ప్రమాణం.

1908లో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన పిమ్మట ఆయన సూచనలపై నిర్మితమైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వరదను అదుపు చేయడమే కాక నగరం దాహాన్నీ తీర్చాయి. 1955లో భారతరత్న అందుకున్న ఆ కర్మయోగి 1962 ఏప్రిల్‌లో పరమపదించాడు. ఆయన పుట్టినరోజైన సెప్టెంబరు 15ను ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొంటున్నాం. ధనం కొరవడినచోట ప్రకృతి పరిశీలన, కచ్చితమైన లెక్క తోడైతే ప్రజాహితం ఆగదని ఆయన జీవితం నిరూపించింది.