పరుగును ముక్కలుగా పట్టిన మైబ్రిడ్జ్

క్రికెట్‌లో రనౌట్ మీద అనుమానమొస్తే అంపైర్ టీవీ రీప్లే అడుగుతారు. కంటికి అందనిది కెమెరా తేలుస్తుందనే నమ్మకం మరి! ఆ నమ్మకానికి పునాది వేసిన మనిషి ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్.

1830లో లండన్ దగ్గరి కింగ్‌స్టన్‌లో పుట్టారు. అమెరికా వెళ్లి పుస్తకాలు అమ్మారు. 1860లో టెక్సాస్‌లో గుర్రబ్బండి బోల్తాపడి తలకు పెద్ద దెబ్బే తగిలింది. తర్వాత కెమెరా పట్టి, యోసెమైట్ లోయ ఫోటోలతో పేరు తెచ్చుకున్నారు.

కాలిఫోర్నియా మాజీ గవర్నర్ లీలాండ్ స్టాన్‌ఫర్డ్‌కు గుర్రాలంటే షౌకు. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి నేలను వదులుతాయా? ఇది తేల్చమని 1872లో మైబ్రిడ్జ్‌ను పిలిపించారు. పని పూర్తికాకముందే ఘోరం జరిగింది. తన భార్యకు హ్యారీ లార్కిన్స్‌తో సంబంధం ఉందని తెలిసి, 1874లో మైబ్రిడ్జ్ అతన్ని కాల్చి చంపారు. జ్యూరీ నిర్దోషి అంది. ఈరోజు చదివితే ఆ తీర్పు మింగుడుపడదు. భార్య ఫ్లోరా 1875లోనే చనిపోయింది, పసివాడు అనాథాశ్రమం పాలయ్యాడు.

ఆ రోజుల్లో పోర్ట్రెయిట్ తీయించుకోవడమంటే శిక్షే. తల కదలకుండా వెనక ఇనుప ఊతం పెట్టేవారు. అలాంటి కాలంలో, 1878 జూన్‌లో, పాలో ఆల్టోలో ఆయన 12 కెమెరాలు వరుసగా నిలబెట్టారు. లెన్సులు లండన్ నుంచి తెప్పించిన డాల్‌మేయర్‌వి. ఎదురుగా తెల్లటి తెర, దారికి అడ్డంగా సన్నని దారాలు. శాలీ గార్డ్‌నర్ అనే గుర్రం దారాలు తెంపుకుంటూ దూసుకెళ్తే ఒక్కో షట్టర్ టకటకా పడింది. కాళ్లు నాలుగూ గాల్లోనే ఉన్నాయి! అయితే కాళ్లు చాచినప్పుడు కాదు, పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు. అంతవరకూ చిత్రకారులు గీసిందంతా తప్పేనన్నమాట.

మరుసటేడు శాన్ ఫ్రాన్సిస్కో ఒలింపిక్ క్లబ్ ఆటగాళ్లను అక్కడికే రప్పించి పల్టీలు, దూకుళ్లు, కుస్తీలు తీశారు.

ఇంతలో 1882లో స్టాన్‌ఫర్డ్ ఆ గుర్రం బొమ్మలతో పుస్తకం వేయించారు. రచయితగా వేరొకరి పేరు పెట్టారు. మైబ్రిడ్జ్‌కు దక్కాల్సిన పేరు దక్కలేదు. దాంతో లండన్ రాయల్ సొసైటీ ఆయన వ్యాసం అచ్చువేయకుండా ఆపేసింది. కోర్టుకెళ్లినా ఓడిపోయారు.

ఆయన మాత్రం ఆగలేదు. 1884 నుంచి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కొత్తగా వచ్చిన పొడి ప్లేట్లతో పనిచేశారు. తడి ప్లేటు కన్నా ఇవి వెలుతురును త్వరగా పట్టుకునేవి. పక్కనుంచి ఒక వరుస, ముందూ వెనకా ఇంకొన్ని కెమెరాలు. దాంతో ఒకే అడుగు మూడు వైపుల నుంచీ కనిపించింది. పరుగెత్తేవారు, బంతి విసిరేవారు, మెట్లెక్కే ఆడవాళ్లు, సరిగా నడవలేని రోగులు, అందరినీ తీశారు. 1887లో అచ్చయిన సంపుటిలో 781 పలకలున్నాయి.

1904లో కింగ్‌స్టన్‌లోనే కన్నుమూశారు. పుట్టినప్పుడు మగ్గరిడ్జ్ అన్న ఇంటిపేరును ఆయనే రెండుమూడుసార్లు మార్చుకున్నారు. సమాధి రాయి మీద మాత్రం తప్పుగా మేబ్రిడ్జ్ అని చెక్కారు.