పండిత రమాబాయమ్మగారు — ముక్తి సదనము

పూనానగరమునుండి షోలాపురమువైపు పోవు రైలుబండిలో 35 మైళ్ళు ప్రయాణము చేసినచో కేడ్గావ్ అను చిన్న స్టేషను వచ్చును. పేరు వినినంత మాత్రమున ఎవరికిని ఏమియు స్ఫురింపదు. కాని 1900వ సంవత్సరమునాటికి ఈ పల్లెచెంత దాదాపు 2000 మంది స్త్రీలును బాలికలును ఒక్క ఆవరణములో కాపురముండి, దున్నుచు, నేయుచు, చదువుచు, అచ్చువేయుచు నుండిరి. ఆ ఆవరణమునకు ముక్తి సదనమని పేరు. దానిని స్థాపించిన రమాబాయమ్మగారి చరిత్రమును మా విద్యార్థులకు, ముఖ్యముగా బాలికలకు, కొంత చెప్పవలెనని చాలకాలమునుండి అనుకొనుచుంటిమి.

ఈమె 1858వ సంవత్సరమున ఏప్రిలు 23వ తేదీన పడమటి కనుమలలోని గంగామూలమను అడవియందు జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రేగారు. ఆయన యౌవనమున తన గురువు పూనాలో పీష్వాగారి భార్యకు సంస్కృతము చెప్పుచుండుట చూచి, తానును తన భార్యకు అట్లే చదువు చెప్పవలెనని సంకల్పించుకొనెను. బంధువులు ఒప్పుకొనలేదు. శాస్త్రిగారు పట్టు విడువక, తన భార్యయైన లక్ష్మీబాయిగారిని తీసికొని అడవిలో ఇల్లు కట్టుకొని, అక్కడ చదువు చెప్పిరి. ఆ తల్లియే తరువాత రమాబాయికి గురువు. పగలెల్ల ఇంటిపనులతో తీరిక లేనందున, ఆమె తెల్లవారకమునుపే బిడ్డను లేపి ఒడిలో కూర్చుండబెట్టుకొని శ్లోకములు వల్లె వేయించెడిది. పదునైదేండ్ల వయస్సు వచ్చుసరికి ఆ బాలిక భాగవతమును వేల శ్లోకములు కంఠస్థము చేసియుండెను. పుస్తకము తెరచుటకు తీరిక లేదని చెప్పు మా విద్యార్థులు ఈ సంగతి కొంచెము ఆలోచింతురు గాక.

శాస్త్రిగారి ఆస్తి హరించిపోగా, కుటుంబమంతయు పుణ్యక్షేత్రములు తిరుగుచు పురాణము చెప్పుకొని బ్రదుకవలసి వచ్చెను. మద్రాసు రాజధానిలో క్షామము ముంచుకొని వచ్చినప్పుడు వారికి తిండి కరవయ్యెను. కూలిపని వారెరుగరు, యాచించుటకు సిగ్గు. ఆకులు తిని నీరు త్రాగి దినములు గడపిరి. 1874లో తండ్రియు, కొలది వారములకే తల్లియు, పిమ్మట అక్కయు గతించిరి. తల్లి శవమును మోయుటకు నలుగురు మనుష్యులు దొరకలేదు. నాలుగవవారుగా రమాబాయియే మోయవలసివచ్చినది. పొట్టిదైనందున పాడెకొన భుజముపై అందక, తలపై పెట్టుకొని నడచినది. ఆమె వయస్సప్పటికి పదునారేండ్లు.

తరువాత అన్న శ్రీనివాసునితో కాలినడకను వేలకొలది మైళ్ళు దేశము తిరిగి 1878లో కలకత్తా చేరెను. అచ్చటి పండితులు ఆమె పాండిత్యమును పరీక్షించి ఆశ్చర్యపడి, పండిత యనియు సరస్వతి యనియు బిరుదము లిచ్చిరి. 1880లో అన్న మరణించెను. అదే సంవత్సరము ఆమె వేరు కులమువాడైన బిపిన్ బిహారీ మేధావి అను బెంగాలీ వకీలును వివాహమాడెను. రెండేండ్లు నిండకయే ఆయన కలరాచేత మృతినొందెను. చేతిలో మనోరమ అను పసిబిడ్డ; వయస్సు ఇరువదిమూడు; వితంతువు.

1882లో పూనాకు వచ్చి ఆర్యమహిళాసమాజమును స్థాపించి, ఆ యేటనే హంటరు విద్యా కమీషను ఎదుట సాక్ష్యమిచ్చి, ఉపాధ్యాయినులను తరిఫీదు చేయవలెననియు, స్త్రీలకు స్త్రీలే వైద్యులుగా ఉండవలెననియు నివేదించిరి. 1883లో ఇంగ్లండునకు పోయి, వాంటేజిలో క్రైస్తవ కన్యకల మఠముననుండి బాప్తిస్మము పొందిరి. అయినను ఆమె ఎవరికిని దాసురాలు కాలేదు. మతబోధకులు చెప్పినదంతయు ప్రశ్నింపక అంగీకరింపలేదని అక్కడి పెద్దలకు ఆమెపై కినుక కలిగెను. ఇటు స్వదేశీయులు మతము విడచినదని నిందించిరి. ఇరువైపుల మాటలు పడియు ఆమె తన దారి తప్పలేదు.

1886లో అమెరికాకు వెళ్ళి, హిందూదేశపు వితంతువుల స్థితినిగూర్చి గ్రంథము వ్రాసి, ఊరూర ఉపన్యసించిరి. బోస్టను నగరమున ఒక సంఘమేర్పడి పది సంవత్సరములు ధనసహాయము చేయుదుమని వాగ్దానము చేసెను. ఆ ధనముతో 1889 మార్చి 11వ తేదీన బొంబాయిలో శారదా సదనము తెరవబడెను. మరుసటి సంవత్సరము పూనాకు మార్చబడెను. అందు చేరిన మొదటి వితంతువు గోదూబాయి. ఈమెయే 1893లో కర్వేగారిని వివాహమాడి, ఆనందీబాయి కర్వేగా ప్రసిద్ధి కెక్కెను. కర్వేగారు తరువాత వితంతుశరణాలయమును, 1916లో స్త్రీల విశ్వవిద్యాలయమును స్థాపించిరి.

శారదా సదనమున కులాచారములు పాటించుకొనుటకు అవకాశమిచ్చి, మతబోధ బలవంతము చేయకుండుట నియమము. కాని రమాబాయమ్మగారు తన గదిలో ప్రార్థన చేసికొనునప్పుడు తలుపు మూయలేదు. కొందరు బాలికలు వచ్చి కూర్చుండసాగిరి. 1893లో ఈ సంగతి పత్రికల కెక్కి గొప్ప అలజడి పుట్టెను. రానడే, భండార్కరుగార్లవంటి సలహాదారులు తొలగిపోయిరి. చాలమంది తలిదండ్రులు తమ పిల్లలను తీసికొనిపోయిరి. ఇందు తప్పెవరిదని తేల్చుట మాకు సులభముగా తోచుటలేదు. ఇతరుల బిడ్డలను చేపట్టినవారు ఆ తలిదండ్రుల భయమును తేలికగా చూడరాదు. అయినను, తిరిగి ఇంటికి పోయిన ఆ పిల్లలకు మరల మూలగది తప్ప వేరుగతి యేమున్నది? మేమీ ప్రశ్నను పలుమారు తలపోసితిమి; సమాధానము దొరకలేదు.

అమెరికావారి వాగ్దానము 1898తో ముగియునని యెరిగి, రమాబాయమ్మగారు ముందుచూపుతో కేడ్గావ్‌లో నూరెకరముల భూమి కొని, బావులు త్రవ్వించి, పండ్లతోట వేయించిరి. తోటనుండి వచ్చు రాబడితో సదనము నడుపవలెనని ఆమె యూహ. ఇంతలో 1896-97 నాటి క్షామము వచ్చెను. మధ్యపరగణాలలో అనాథబాలికల దుస్థితిని విని ఆమె ఇంటిలో కూర్చుండలేకపోయిరి. ఆకలి యెట్టిదో ఆమెకు ఒకరు చెప్పవలసిన పని లేదు. స్వయముగా పోయి, కరవుశిబిరములనుండి ఎముకలగూళ్ళవలెనున్న బాలికలను ఏరి తెచ్చిరి. కొద్ది నెలలలో వారి సంఖ్య దాదాపు 300 అయ్యెను. పూనాలో ప్లేగు వ్యాపించియుండుటచే అంతమందిని పట్టణమున ఉంచుటకు అధికారులు ఒప్పుకొనలేదు. అప్పుడు పండ్లతోటయే వారికి నీడయయ్యెను. మొదట డేరాలు, పాకలు; తరువాత కట్టడములు.

1900లో గుజరాతు క్షామము రాగా మరి వందలకొలది వచ్చిరి. అంతమందికి అన్నము పెట్టుటకంటె, వారిని తమ కాళ్ళపై నిలువబెట్టుట కష్టమని ఆమె గ్రహించిరి. పొలము పని, నేత, కుట్టు, నూనె గానుగ, పాడి, వంట, రోగుల పరిచర్య, అచ్చుపని: ఎవరికి ఏది తగునో అది నేర్పిరి. శారదా సదనమున చదివినవారు క్రొత్తగా వచ్చినవారికి ఉపాధ్యాయినులును సంరక్షకులును అయిరి. దారితప్పిన స్త్రీలకు కృపా సదనము వేరుగా నుండెను. గ్రుడ్డివారు వ్రేళ్ళతో తడవి చదువుకొనిరి, బుట్టలల్లిరి. విదేశమున చదివివచ్చిన మనోరమగారు తల్లికి కుడిచేయియై, 1912లో నిజాము రాజ్యమునందలి గుల్బర్గాలో బాలికల పాఠశాల యొకటి నెలకొల్పిరి.

రమాబాయమ్మగారి చివరి పని బైబిలు తర్జుమా. అప్పటి మరాఠీ తర్జుమాలోని భాష పామరస్త్రీలకు అర్థము కాదని ఆమెకు తోచెను. నడివయస్సున హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చుకొని, తేటమాటలలో మొత్తము గ్రంథమును తానే తిరుగ వ్రాయుటకు పూనుకొనిరి. ఈ పనికి పదునైదేండ్లకు పైగా పట్టెను. ఇంతలో 1921 జూలైలో మనోరమగారు మరణించిరి. తల్లి పని ఆపలేదు. అచ్చుప్రతులు దిద్దుట ముగించుకొని, 1922 ఏప్రిలు 5వ తేదీన ఆమెయు కన్నుమూసిరి. గ్రంథము 1924లో సంపూర్ణముగా వెలువడెను. దానికి అక్షరములు కూర్చినవారును, యంత్రము త్రిప్పినవారును, కాగితములు మడచి కుట్టినవారును ముక్తి సదనపు స్త్రీలే. కరవునాడు అక్షరమొక్కటియు రాక కేడ్గావ్ చేరిన బాలికలు అందు పలువురు.