వంటింట్లో మొదలైన మీటింగు

ఆయన తాగుడు మానేస్తే చాలు, నాకింకేమీ అక్కర్లేదు... తాగే భర్త ఉన్న ఇల్లాలిని ఎవరిని కదిపినా ఇదే మాట. సరే, ఆయన మానేశాడు. మరి ఇన్నేళ్లూ లోలోపల కుమిలిన ఆ ఇల్లాలి సంగతేమిటి? ఆ మాట ఎవరూ అడగరు. అడిగి, జవాబు వెతికిన మనిషి లోయిస్ విల్సన్. అందుకే ఆమె కథ నాకంత ఇష్టం.

లోయిస్ 1891 మార్చి 4న న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో పుట్టింది. తండ్రి డాక్టరు. కలిగిన కుటుంబం. వేసవి సెలవులకు వెర్మాంట్ వెళ్లినప్పుడు బిల్ విల్సన్ పరిచయమయ్యాడు. ఆమె కన్నా నాలుగేళ్లు చిన్నవాడు. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లబోతూ 1918 జనవరి 24న ఆమెను పెళ్లి చేసుకున్నాడు. సైన్యంలో ఉండగా అంటుకున్న తాగుడు యుద్ధం ముగిశాక కూడా వదల్లేదు.

ఆమె చేయని ప్రయత్నం లేదు. 1925లో ఇద్దరూ సైడ్‌కార్ తగిలించిన మోటారు సైకిలెక్కి ఊళ్లు తిరిగారు. షేర్ల వ్యాపారం కోసం కంపెనీల లోగుట్టు తెలుసుకోవాలని అతని తాపత్రయం. సారా స్నేహాలకు దూరంగా ఉంచితే మారతాడని ఆమె ఆశ. మారలేదు. మూడుసార్లు గర్భం సంచి బయట నిలిచి, ఇక పిల్లలు పుట్టే అవకాశమే లేకపోయింది. పోనీ దత్తత తీసుకుందామంటే భర్త తాగుడు అడ్డం వచ్చింది. 1929లో షేర్ మార్కెట్ కూలిపోయాక ఇద్దరూ ఆమె పుట్టింటికి చేరారు. మేసీస్ అనే పెద్ద దుకాణంలో పనిచేసి ఆమే సంసారం ఈదింది.

1934 డిసెంబరులో బిల్ చివరిసారిగా ఆస్పత్రిలో చేరాడు. అంతకు కొద్ది రోజుల ముందే, తనలాగే తాగి పాడైన పాత స్నేహితుడొకడు తాగుడు మానేసి వచ్చి కనిపించాడు. అతని మాటలు మనసులో నాటుకున్నాయి. బిల్ మళ్లీ గ్లాసు ముట్టలేదు.

1935 మే నెలలో వ్యాపారం పని మీద అక్రాన్ అనే ఊరు వెళ్లాడు. పని చెడింది. హోటల్లో ఒంటరితనం, పక్కనే బార్. కాళ్లు అటు లాగుతుంటే చర్చిల జాబితా చూసి ఫోన్లు చేశాడు. అతను అడిగింది ఒక్కటే... మాట్లాడటానికి మరో తాగుబోతు కావాలని! అలా దొరికిన మనిషి డాక్టర్ బాబ్ స్మిత్. ఇద్దరూ గంటల తరబడి మాట్లాడుకున్నారు. ఆ జూన్ 10న డాక్టర్ బాబ్ కూడా మానేశాడు. ఆల్కహాలిక్స్ అనానిమస్‌కు పుట్టినరోజు అదే. వైద్యుడు చెప్పినా, భార్య ఏడ్చినా చెవికెక్కని మాట, ఆ బాధ పడినవాడు చెబితే ఎక్కుతుంది. ఆ మీటింగుల కిటుకంతా ఇంతే.

అదే ఏడాది చివరి నెలల నుంచి లోయిస్ పుట్టింట్లో ప్రతి మంగళవారం రాత్రి మీటింగు జరిగేది. దిక్కులేని వాళ్లకు తిండీ పడకా కూడా అక్కడే. 1939లో మార్టీ మాన్ అనే ఆవిడ వచ్చింది. తాగే మగవాళ్లను లోకం జాలిగానైనా చూస్తుంది, ఆడమనిషిని అలా చూడదు కదా! భయపడి మేడ మీదే ఉండిపోయిన ఆమెను లోయిస్ వెళ్లి కిందికి తీసుకొచ్చిందంటారు. ఆ తర్వాత తాగుడు ఒక జబ్బు అని దేశమంతా తిరిగి చెప్పింది ఆ మార్టీయే.

ఇక చెప్పు సంగతి. బిల్ మానేశాక ఓ ఆదివారం, మీటింగుకు టైమవుతోంది తొందరగా పదమన్నాడట. అంతే, లోయిస్ చేతిలో చెప్పు గదికి అడ్డంగా ఎగిరింది! కోపం ఎందుకొచ్చిందో ఆమెకే అర్థం కాలేదు. తరవాత ఆలోచించుకుంది. పదిహేడేళ్లు తను చేయలేనిది ఎవరో కొత్తవాళ్లు చేసేశారు. ఇక తన అవసరమే లేదు! అసూయ, అలసట, ఒంటరితనం... బాగుపడాల్సింది బిల్ ఒక్కడే కాదు, తను కూడా.

1939లో తాకట్టులో ఉన్న ఆ ఇల్లు పోయింది. రెండేళ్లలో యాభైకి పైగా చోట్ల తలదాచుకున్నారు. మగవాళ్లు మీటింగులో ఉంటే ఆడవాళ్లు వంటింట్లో కాఫీలు కలుపుతూ తమ గోడు చెప్పుకునేవాళ్లు. వాళ్లకీ ఒక మీటింగు కావాలని లోయిస్‌కు తోచింది. 1951లో స్నేహితురాలు యాన్‌తో కలిసి, అక్కడక్కడా ఉన్న 87 కుటుంబ బృందాలకు ఉత్తరాలు రాసింది. అలా ఏర్పడింది అల్-అనాన్. 1957లో పిల్లల కోసం అలాటీన్ వచ్చింది. బిల్ 1971లో సరిగ్గా తమ పెళ్లిరోజునే పోయాడు. లోయిస్ 97 ఏళ్లు బతికి 1988లో కన్నుమూసింది.

ఈ రెండు రకాల మీటింగులూ మన హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. ఎక్కడో తెలియకపోతే డీ-అడిక్షన్ కేంద్రంలో అడగొచ్చు. ఫీజు లేదు, ఇంటిపేరు చెప్పక్కర్లేదు, మొదటిరోజు నోరు విప్పకుండా విని వచ్చేయొచ్చు. అయితే ఒక్క మాట. ఏళ్ల తరబడి బాగా తాగినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదకూ రావచ్చు. ముందు డాక్టరుకు చూపించాలి.

ఆయన రానంటాడా? రానివ్వండి, మానివ్వండి. మీరు వెళ్లండి. ఆయన మానేదాకా మీ బతుకు ఆగి ఉండాలని ఎక్కడా రాసిలేదు.