కందుకూరి వీరేశలింగము పంతులుగారు: పద్యమునుండి గద్యమునకు

అమీరుపేట మైత్రీవనము పరిసరములలో ఉదయమున నిలిచి చూచువారికి ఒక దృశ్యము నిత్యము కానవచ్చును. వాణిజ్యశాస్త్రము చదివినవారును, కొన్నియేండ్లు వేరొక ఉద్యోగము చేసినవారును సంచులు భుజమున వైచుకొని కంప్యూటరు విద్య నేర్పు శిక్షణాలయములకు పోవుచుందురు. ఒక విద్యలో పట్టము పొందినవారు మరియొక విద్యకు ఓనమాలు దిద్దుకొనుటకై మరల బల్లలపై కూర్చుందురు. ఇది చూచినప్పుడెల్ల నాకొక మహనీయుడు జ్ఞప్తికి వచ్చును. మన పంజాగుట్టకు కొద్ది మైళ్ల దూరముననున్న ట్యాంకుబండుపై ప్రతిష్ఠింపబడిన విగ్రహములలో ఆయన విగ్రహమును ఒకటి. ఆయనయే కందుకూరి వీరేశలింగము పంతులుగారు.

విద్యార్థులారా! వితంతు వివాహములు జరిపించిన సంఘసంస్కర్తగా మీరందరు ఆయనను ఎరుగుదురు. కాని కవిగా పేరు గడించిన పిమ్మట, ఆ పేరును పణముగా నొడ్డి, వేరొక రచనామార్గమును త్రొక్కిన గ్రంథకర్తగా ఆయనను తలచువారు తక్కువ. ఆ కథనే ఇచ్చట చెప్పబూనితిని.

వీరేశలింగముగారు 1848వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. తండ్రి సుబ్బారాయుడుగారు, తల్లి పున్నమ్మగారు. నాలుగేండ్ల ప్రాయముననే ఆయన తండ్రిని గోల్పోయిరి. చిన్ననాటినుండియు దగ్గు, ఉబ్బసము ఆ బలహీన శరీరమును విడువలేదు. అయినను చదువునందలి ఆసక్తి మాత్రము తగ్గలేదు. ప్రవేశపరీక్షయందు ఉత్తీర్ణులై, పిమ్మట ఉపాధ్యాయ వృత్తిని అవలంబించిరి.

ఆ కాలమున తెలుగు రచయిత అనగా కవియే. కవి అనగా పద్యము చెప్పువాడే. యువకుడగు వీరేశలింగముగారు ఆ విద్యలో పెద్దలు మెచ్చునంతటి ప్రజ్ఞను చూపిరి. శతకములు చెప్పిరి; రసికజన మనోరంజనమను ప్రబంధమును రచించిరి. వీనికంటె కష్టతరమైనది శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధము. ఆ పేరులోనే మూడు కట్టుబాట్లు కలవు. శుద్ధాంధ్రమనగా సంస్కృత పదములు కలువని అచ్చతెలుగు. నిరోష్ఠ్యమనగా పెదవులు తాకినగాని పలుకరాని ప, ఫ, బ, భ, మ మొదలగు అక్షరములు లేకుండుట. అమ్మ అను మాటకైనను అందు చోటులేదు. నిర్వచనమనగా నడుమ ఒక్క వచనమైనను లేక అంతయు పద్యములే యుండుట. ఇట్టి మూడు సంకెలలు వేసికొని నలుని కథను నడిపించుట సామాన్యుల తరము కాదు. తరువాతి కాలమున గద్యతిక్కన యని కొనియాడబడినవారు, తొలుత గద్యమునకు బొత్తిగా చోటులేని కావ్యముతో కీర్తి గడించుట గమనింపదగిన విషయము.

అట్టివారు ఆ మార్గముననే సాగిపోయినచో ఎవరును తప్పుపట్టి యుండరు. సభలలో గౌరవము, పండితుల ప్రశంస ఆయనకు దొరకుచునేయుండెడివి. కాని 1874వ సంవత్సరమున ధవళేశ్వరమున ప్రధానోపాధ్యాయులుగానుండగా ఆయన రెండు కార్యములు చేసిరి. అచ్చట ఒక బాలికా పాఠశాలను స్థాపించిరి. వివేకవర్ధని యను పత్రికను ప్రారంభించిరి. ఈ రెండును ఆయన యెదుట ఒక కొత్త ప్రశ్నను నిలిపినవి. పాఠశాలలో అక్షరములు నేర్చిన బాలిక తరువాత ఏమి చదువవలెను? లంచగొండి యధికారివలన నష్టపోయిన రైతు తన బాధను పత్రికలో ఏ భాషలో చదివి గ్రహింపవలెను? పెదవులు కదలని పద్యము వారికేమి యుపకరించును? ఆయన నేర్చిన విద్య గొప్పదే. కాని వారికి కావలసినది అది కాదు.

గద్యమునకు మారుటయు ఒక్కమారుగా జరుగలేదు. పరవస్తు చిన్నయసూరిగారు 1853వ సంవత్సరమున నీతిచంద్రికను ప్రకటించి మిత్రలాభ, మిత్రభేదములను మాత్రము తెలిగించి యుండిరి. తక్కిన విగ్రహమును, సంధిని వీరేశలింగముగారు ఆ సూరిగారి ఫక్కినే ప్రౌఢమైన వచనమున రచించిరి. ఇదియు పండితులు మెచ్చునట్టి రచనయే. కాని అంతటితో ఆగక, ఆ దీర్ఘసమాసములనుగూడ క్రమముగా విడిచి, సామాన్యముగా చదువ నేర్చిన స్త్రీపురుషులకు బోధపడు వచనమును సాధించిరి.

ఈ సాధనకు ఫలముగా 1878వ సంవత్సరమున వివేకవర్ధనిలో రాజశేఖర చరిత్రము వెలువడసాగెను. 1880వ సంవత్సరమున గ్రంథరూపమున వచ్చెను. ఆంగ్లకవి గోల్డుస్మిత్తు 1766వ సంవత్సరమున ప్రకటించిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు అను కథ దీనికి ప్రేరణము. అయినను పంతులుగారు తెలుగుదేశపు కుటుంబ కథనే చెప్పిరి. ధవళేశ్వరమున సుఖముగా బ్రతుకుచున్న రాజశేఖరుడు ముఖస్తుతి చేయువారిని నమ్మి, బంగారము చేసెదనన్న కపట సన్న్యాసిని నమ్మి, సర్వమును గోల్పోయి కష్టములపాలగును. రాజులును, దేవతలును, గంధర్వులును నాయకులుగా నుండవలసిన చోట పొరుగింటి గృహస్థు నాయకుడయ్యెను. అంతకు పూర్వము 1872వ సంవత్సరమున నరహరి గోపాలకృష్ణమచెట్టిగారి శ్రీరంగరాజ చరిత్రము వెలువడియున్నను, తెలుగున నవలకు ఒరవడి పెట్టినది రాజశేఖర చరిత్రమే యని పలువురి అభిప్రాయము. అది 1887వ సంవత్సరమున ఇంగ్లీషు భాషలోనికి పరివర్తింపబడి లండనున ప్రచురింపబడెను.

ఆయన అచ్చటను ఆగలేదు. బాల్యవివాహములను పరిహసించుచు బ్రహ్మవివాహమును, న్యాయస్థానములలోని అక్రమములను బయలుపెట్టుచు వ్యవహార ధర్మబోధినిని రచించిరి. ఇవి జనులు ఇండ్లలోను, వీధులలోను మాటలాడుకొను భాషలో వ్రాయబడినవి. షేక్స్పియరు నాటకమునొకదానిని చమత్కార రత్నావళి యను పేర తెలుగుచేసి విద్యార్థులచే ప్రదర్శింపజేసిరి. ఆంధ్ర కవుల చరిత్రమును కూర్చిరి. తుదకు స్వీయచరిత్రమును వ్రాసిరి. ప్రతి శాఖయందును ఆయన క్రొత్తవాడుగానే అడుగుపెట్టిరి.

ఈ ధైర్యమునకు మూల్యము చెల్లింపక తప్పలేదు. స్త్రీవిద్య విషయమున కొక్కొండ వేంకటరత్నము పంతులుగారివంటి విద్వాంసులతో పత్రికాముఖమున తీవ్రమైన వాదము నడచెను. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన తొలి వితంతు వివాహమును జరిపించినపుడు బంధువులును, ఊరివారును దూరమైరి. ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు మాత్రము అన్నిటను ఆయనకు తోడుగా నిలిచిరి. ఆయన సంస్కరణమును, రచనామార్గపు మార్పును వేరు వేరు సంగతులుగా తలచరాదు. ఆ కష్టములనుభవించు స్త్రీలు చదువగల గ్రంథమే లేకున్నచో ఆ సంస్కరణ వాక్యము వారి గడపలోనికి ఎట్లు చేరును?

ఆయన చరిత్రమున తుది మార్పు మిక్కిలి ఆశ్చర్యకరమైనది. పంతులుగారి గ్రంథములలో అధికభాగము సులభ గ్రాంథికముననే యున్నవి. అయినను వాడుక భాషకు గ్రంథములలో చోటుండవలెనని గిడుగు రామమూర్తి పంతులుగారు చేయుచున్న కృషిని ఆయన వృద్ధాప్యమున అంగీకరించి, 1919వ సంవత్సరము ఫిబ్రవరిలో రాజమహేంద్రవరమున ఏర్పడిన వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజమునకు అధ్యక్షులైరి. అప్పటికి ఆయన వయస్సు డెబ్బది యేండ్లు. నూరింటికి మించిన గ్రంథములు రచించిన వృద్ధుడు, తాను వ్రాసిన భాషకంటె మరియొక భాష ముందుతరమువారికి మేలు చేయునేమోయని యొప్పుకొనుట సామాన్యమైన పని కాదు. ఆ సంవత్సరమే మే 27వ తేదీన మద్రాసున ఆయన పరమపదించిరి.

విద్యార్థులారా! తెలియని పనికి పూనుకొనుటకు కొంత ధైర్యము చాలును. తెలిసిన పనిలో చప్పట్లు మ్రోగుచుండగా దానిని దించి, తెలియని పనిలో మరల తప్పులు చేయుటకు సిద్ధపడుటకు అంతకు మించిన ధైర్యము కావలెను. అయితే ఒక మాట మరువకుడు. ఆయన పద్యవిద్యను కష్టపడి నేర్చి, దానియందు నెగ్గిన తరువాతనే గద్యమునకు వచ్చిరి. కష్టమునకు వెరచి విడుచుట వేరు; ఇతరుల అవసరము నెరిగి మారుట వేరు.

తలిదండ్రులకును ఒక విన్నపము. పదవ తరగతి ముగియగానే ఏ శాఖలో చేరవలెనను ప్రశ్న ప్రతి యింటను పుట్టును. గణితమున మంచి గుణములు తెచ్చుకొనిన బాలుడు చరిత్ర చదివెదననిన యెడల, అంతవరకు పడిన శ్రమ వ్యర్థమయ్యెనని కోపింపకుడు. ఎందులకు మారదలచితివని ముందుగా శాంతముగా అడుగుడు. ఆ జవాబులో సోమరితనము కానవచ్చినచో మందలింపుడు. మనస్సున నిజమైన కోరిక కానవచ్చినచో తోడుపడుడు. నిరోష్ఠ్య నైషధమునకై పంతులుగారు చేసిన కృషి వృథా పోలేదు. అక్షరమక్షరమును తూచి వాడుట నేర్చిన ఆ చేయియే తరువాత పొరుగింటి గృహస్థుని కథను బాలికలు సైతము చదువుకొనునంత తేటగా వ్రాయగలిగినది.